యాక్సిడెంట్ అయిన విమానం మళ్ళీ ఎగరొచ్చా? తిరుపతి పొలం నుంచి జపాన్ కొండ దాకా

ఈ ఎపిసోడ్‌లో విమానాల చరిత్రలోంచి ఒక చిన్న ప్రశ్న. జవాబు మాత్రం కొంచెం పెద్దది, ఓపిగ్గా వినండి.

ఉదయగిరి, ఆత్మకూరు, వింజమూరు, మర్రిపాడు... మన మెట్టలో గల్ఫ్ పోయిన మనిషి లేని వీధి తక్కువే. కువైట్ గానీ, ఖతార్ గానీ, దుబాయ్ గానీ, మనకి దారి ఒకటే. బస్సెక్కి నెల్లూరు, అక్కణ్ణుంచి చెన్నై, అక్కడ విమానం. ఇప్పటి పిల్లలు విమానం ఎక్కే ముందు ఏం చేస్తున్నారంటే, ఫోన్‌లో యాప్ తెరిచి ఆ విమానం నంబరు కొట్టి, దాని వయసెంత, ఇంతకుముందు దానికేమన్నా అయిందా అని చూస్తున్నారు. అక్కడ ‘ఫలానా సంవత్సరం రన్‌వేకి తోక తగిలింది, రిపేరు చేసి మళ్ళీ సర్వీసులో పెట్టారు’ అని కనపడిందనుకోండి, గుండె ఝల్లుమంటుంది. దెబ్బ తిన్న బండినే మనకి అంటగట్టారా అని.

ముందే చెప్పేస్తున్నా. అవును, దెబ్బతిన్న విమానాల్ని బాగుచేసి మళ్ళీ ప్రయాణికుల్ని ఎక్కిస్తారు. ఇది దొంగతనంగా చేసే పని కాదు, ప్రపంచమంతా జరిగేదే. అట్ట బాగుచేసిన విమానాల్లో చాలావరకు పదేళ్ళు, ఇరవై ఏళ్ళు ఏ గొడవా లేకుండా తిరిగాయి. కొన్ని మాత్రం వందల మంది ప్రాణాలు తీశాయి. ఈ రెండిటికీ తేడా ఎక్కడొచ్చింది? అదే ఈరోజు కథ.

మనది చెరువుల కింద సేద్యం చేసిన ప్రాంతం కాబట్టి ఒక పోలిక చెప్తా, దీన్ని చివరిదాకా గుర్తుపెట్టుకోండి. చెరువు కట్టకి గండి పడితే ఎట్ట పూడుస్తారో ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. గండిలో ఇంత మట్టి పోసి పైన చదును చేస్తే, చూసేవాడికి కట్ట కట్టలాగే ఉంటుంది. కానీ తెలిసినవాడు అట్ట చెయ్యడు. పాత కట్ట అంచుల్ని మెట్లుమెట్లుగా చెక్కుతాడు. కొత్త మట్టిని పొరలుపొరలుగా పోస్తాడు, తడుపుతాడు, గట్టిగా దిమ్మిస కొట్టిస్తాడు. పాత మట్టీ కొత్త మట్టీ ఒకటైపోవాలి. లేకపోతే ఆ అతుకులోంచి నీళ్ళు ఊరతాయి. మొదటి వానకి ఏమీ కాదు, రెండో ఏడూ ఏమీ కాదు. చెరువు నిండుగా ఉన్న ఏదో ఒక రాత్రి, సరిగ్గా ఆ అతుకు దగ్గరే తెగుతుంది.

సరే, ఇప్పుడు మనకి దగ్గర్లో జరిగిందే తీసుకుందాం.

1993 నవంబరు 15. ఇండియన్ ఎయిర్‌లైన్స్ 440 నంబరు ఫ్లైట్, మద్రాసు నుంచి హైదరాబాదుకి. ఎయిర్‌బస్ ఎ300, పెద్ద విమానం. సిబ్బందితో కలిపి 262 మంది ఉన్నారు. హైదరాబాదులో దిగబోతే రన్‌వే సరిగ్గా కనపడలేదు. పైలట్లు దిగడం ఆపి మళ్ళీ పైకి లేపారు. ఇక్కడే చిక్కొచ్చింది. దిగేటప్పుడు రెక్కల వెనక ఫ్లాప్స్ అని పలకల్లాంటివి బయటికి వస్తాయి కదా, అవి మళ్ళీ లోపలికి పోలేదు. ఫ్లాప్స్ బయటే ఉంటే విమానం వేగంగా పోలేదు, పైగా ఇంధనం విపరీతంగా తాగుతుంది. ఎదురుగాలిలో గొడుగు తెరిచి పట్టుకుని సైకిల్ తొక్కినట్టు అనుకోండి. ఆ పరిస్థితిలోనే తిరిగి మద్రాసు బయల్దేరారు. మద్రాసు దాకా ఇంధనం చాలలేదు. చివరికి తిరుపతి దగ్గర ఒక వరి పొలంలో దించారు.

262 మందిలో ఒక్కరు కూడా చనిపోలేదు. ఒక్కరు కూడా!

మరి ఆ విమానం ఏమైంది? దాని పని అక్కడితో అయిపోయింది. మళ్ళీ ఎగరలేదు. రికార్డుల్లో ‘రైటాఫ్’ అని రాసేశారు.

ఇప్పుడు దీని పక్కన ఇంకో విమానం పెట్టి చూడండి. పదేళ్ళ ముందు, 1983 జులై 23. ఎయిర్ కెనడా 143 నంబరు ఫ్లైట్, బోయింగ్ 767. ఇదీ ఇంధనం అయిపోయిన కథే, కారణం మాత్రం వేరు. అప్పుడే కెనడా పాత కొలతలు వదిలి మెట్రిక్ కొలతల్లోకి మారుతోంది. ఇంధనం లెక్క కట్టేటప్పుడు కిలోల దగ్గర పౌండ్ల లెక్క వేశారు. 22,300 కిలోలు ఉండాల్సిన చోట 22,300 పౌండ్లే ఉంది, అంటే సగం కంటే తక్కువ. 41,000 అడుగుల ఎత్తులో ఉండగా ఇంజన్లు రెండూ ఆగిపోయాయి. కెప్టెన్ బాబ్ పియర్సన్‌కి ఇంజను లేని గ్లైడర్లు నడిపిన అలవాటుంది. ఆయనా, కోపైలట్ మారిస్ క్వింటాలూ కలిసి ఆ పెద్ద విమానాన్ని గ్లైడర్ లాగే తేల్చుకుంటూ తీసుకొచ్చి, గిమ్లీ అనే ఊళ్ళో పాత వైమానిక దళం రన్‌వే మీద దించారు. ఆ రన్‌వే అప్పటికే కార్ల రేసుల ట్రాక్‌గా మారిపోయింది. ఆరోజు అక్కడ జనం కూడా ఉన్నారు. ముందు చక్రం సరిగ్గా లాక్ కాకపోవడంతో మడిచేసుకుపోయి, విమానం ముక్కు నేలకి రాసుకుంటూ పోయి ఆగింది. లోపల ఉన్న 69 మందీ బతికారు.

తిరుపతి కథలాగే ఉంది కదా? ఇంధనం ఖాళీ, అనుకోని చోట దిగడం, అందరూ క్షేమం. కానీ ఈ విమానం కథ అక్కడ ఆగలేదు. గిమ్లీలోనే తాత్కాలికంగా బాగుచేసి, రెండు రోజుల్లో ఎగిరించుకుని విన్నిపెగ్ వర్క్‌షాపుకి తీసుకుపోయారు. అక్కడ పూర్తిగా రిపేరు చేసి సర్వీసులో పెట్టారు. ఆ తర్వాత ఎంతకాలం తిరిగిందో తెలుసా? 2008 జనవరి 24 దాకా. అంటే దాదాపు ఇరవై అయిదేళ్ళు. చివరిసారి దాన్ని ఎడారిలో వదలడానికి తీసుకుపోతున్నప్పుడు పియర్సన్, క్వింటాల్ ఇద్దరూ అందులో ప్రయాణం చేశారు. ఆ ఇరవై అయిదేళ్ళలో అందులో ఎక్కినవాళ్ళలో చాలామందికి, ఇది ఒకప్పుడు ఇంజన్లు ఆగిపోయి రేస్ ట్రాక్ మీద దిగిన విమానమని తెలిసి కూడా ఉండదు.

మరి ఒకటి ఎందుకు తిరిగొచ్చింది, ఇంకోటి ఎందుకు రాలేదు? మీ బైకు ఇన్సూరెన్సు లెక్కలోనే చెప్తా. యాక్సిడెంటయిన బండి షోరూముకి పోతే, రిపేరు ఖర్చు బండి విలువని దాటిపోతే ‘టోటల్ లాస్’ అంటారు. ఆ బండి బాగుచెయ్యడానికి అసలు వీలే కాదని దానర్థం కాదు, బాగుచెయ్యడం గిట్టుబాటు కాదని. రైటాఫ్ అంటే కూడా అంతే. గిమ్లీ విమానం అప్పటికి దాదాపు కొత్తది, ఆగింది గట్టి తారు మీద. తిరుపతి విమానం ఆగింది పొలంలో. అంత పెద్ద విమానాన్ని బురదనేల మీంచి కదిలించాలన్నా, అక్కడే బాగుచెయ్యాలన్నా ఎంత పనో మీరే ఊహించండి. కాబట్టి ‘రిపేరు చేశారు’ అన్న మాట వినగానే ‘పైసల కోసం చెత్తని తిప్పుతున్నారు’ అనుకోనక్కర్లేదు. చాలాసార్లు దానర్థం, ఆ విమానం బాగుచెయ్యదగిన స్థితిలో ఉందని.

ఇంతదాకా మంచి కథలు. ఇప్పుడు అసలు కథకి వద్దాం.

1978 జూన్ 2. జపాన్‌లో ఒసాకా విమానాశ్రయం. జపాన్ ఎయిర్‌లైన్స్ వాళ్ళ బోయింగ్ 747 దిగుతూ దిగుతూ తోకని రన్‌వేకి కొట్టుకుంది. దీన్నే టెయిల్ స్ట్రైక్ అంటారు. దెబ్బ తగిలింది వెనక ఉండే ‘ప్రెషర్ బల్క్‌హెడ్’కి. పేరు చూసి భయపడొద్దు. విమానం లోపల మనం కూర్చునే భాగాన్ని ఒక పెద్ద గొట్టం అనుకోండి. ఆ గొట్టం వెనక చివర మూసేసే గిన్నె ఆకారపు రేకు గోడే ఈ బల్క్‌హెడ్. దాని అవతల తోక.

ఈ గోడ ఎందుకంత ముఖ్యం? 35,000 అడుగుల ఎత్తులో బయట గాలి చాలా పలచగా ఉంటుంది, మనిషి బతకలేడు. అందుకని లోపల గాలి నింపి ఒత్తిడి పెంచుతారు. లోపలి ఒత్తిడికీ బయటి ఒత్తిడికీ తేడా చదరపు మీటరుకి సుమారు 6 టన్నులు. విమానం ఎగిరిన ప్రతిసారీ ఆ గొట్టం బెలూన్‌లాగా కొంచెం ఉబ్బుతుంది, దిగిన ప్రతిసారీ సర్దుకుంటుంది. కంటికి తెలియదు గానీ లోహానికి తెలుస్తుంది. ఒక ఇనప తీగని ఇటూ అటూ వంచుతూ పోతే ఏమవుతుంది? మొదటిసారి ఏమీ కాదు, పదోసారి ఏమీ కాదు, ఏదో ఒకసారి పుటుక్కున తెగుతుంది. దీన్నే మెటల్ ఫెటీగ్ అంటారు, అంటే లోహం అలసిపోవడం.

ఆ దెబ్బతిన్న గోడని బాగుచేసింది ఎవరో కాదు, విమానం తయారుచేసిన బోయింగ్ వాళ్ళే. కింద సగం తీసేసి కొత్తది వేశారు. పాత పై సగాన్నీ, కొత్త కింది సగాన్నీ కలిపే అతుకు దగ్గర మధ్యలో ఒక రేకు పెట్టి రివెట్లు కొట్టాలి. ప్లాన్ ప్రకారం అది ఒకే రేకు. కానీ వేసేటప్పుడు అది రెండు ముక్కలైంది. దాంతో ఏమైందంటే, రెండు వరసల రివెట్లు పంచుకోవాల్సిన బరువు ఒక వరస మీద పడింది. ఆ అతుకు బలం ఉండాల్సిన దాంట్లో 70 శాతానికి దగ్గరగా పడిపోయింది. పైన సీలెంట్ పూశారు, పని అయిపోయిందని సంతకాలు పెట్టారు, విమానం సర్వీసులోకి వచ్చేసింది. గండిలో మట్టి పోసి పైన చదును చేసేశారు, అంతే.

ఆ విమానం రిపేరు తర్వాత ఎన్నిసార్లు ఎగిరిందో తెలుసా? 12,318 సార్లు. ఏడేళ్ళు. పండగలకి ఇళ్ళకి పోయేవాళ్ళు, ఉద్యోగాలకి పోయేవాళ్ళు, చంటిపిల్లలు, ముసలివాళ్ళు, ఎంతమంది ఎక్కి దిగారో. మధ్యలో మామూలు చెకింగులు కూడా జరిగాయి. ఎవరికీ ఏమీ కనపడలేదు.

1985 ఆగస్టు 12. జపాన్ వాళ్ళు పెద్దల్ని తలుచుకోడానికి సొంత ఊళ్ళకి పోయే పండగ రోజులు. టోక్యో నుంచి ఒసాకాకి ఫ్లైట్ 123. లోపల 524 మంది. సాయంత్రం 6 గంటల 12 నిమిషాలకి లేచింది. 12 నిమిషాల తర్వాత ఆ అతుకు తెగింది. లోపలి గాలి ఒక్కసారిగా వెనక్కి పొడుచుకుపోయి, నిలువు తోకలో చాలాభాగాన్ని ఊడబెరికేసింది. విమానాన్ని తిప్పడానికి ఉండే నాలుగు హైడ్రాలిక్ లైన్లూ తెగిపోయాయి. అంటే స్టీరింగూ లేదు, తోకా లేదు. పైలట్లు ఇంజన్ల జోరు పెంచుతూ తగ్గిస్తూ ఇంకో 32 నిమిషాలు దాన్ని గాల్లో నిలబెట్టారు. ఆ అరగంటలో కొంతమంది ప్రయాణికులు చేతికందిన కాగితం మీద ఇంట్లోవాళ్ళకి నాలుగు మాటలు రాసిపెట్టారు. 6 గంటల 56 నిమిషాలకి విమానం కొండల్లో కూలిపోయింది. 520 మంది చనిపోయారు, నలుగురు బతికారు. ఒకే ఒక్క విమానం కూలి ఇంతమంది చనిపోవడం ప్రపంచ చరిత్రలో ఇంకెక్కడా లేదు.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. 12,318 సార్లు బాగానే ఎగిరింది కదా, అంటే రిపేరు బాగున్నట్టే కదా అని ఎవరన్నా అనుకుంటారు. ఇంతకాలం ఏమీ కాలేదు కాబట్టి ఇకముందు కూడా కాదులే అనుకోవడం మనకి అన్నిట్లోనూ అలవాటే. ఇంటి వైరింగులోనూ, స్కూలు బస్సు బ్రేకుల్లోనూ అదే మాట. లోహానికి ఆ మాట పట్టదు. అది ఎగిరిన ప్రతిసారీ లెక్క వేసుకుంటూనే ఉంటుంది.

పోనీ, జపాన్‌లో జరిగింది చూసి అందరూ నేర్చుకున్నారా అంటే, అదే రకం తప్పు ఇంకో విమానం పొట్ట కింద అప్పటికే కూర్చుని ఉంది. ఎవరికీ తెలియదు.

అది తైవాన్‌కి చెందిన చైనా ఎయిర్‌లైన్స్ విమానం. ఇదీ బోయింగ్ 747నే. 1980 ఫిబ్రవరి 7న హాంగ్‌కాంగ్‌లో దీని తోకా నేలకి రాసుకుంది. పొట్ట కింద రేకు గీతలు పడింది. మాన్యువల్ ఏం చెప్తుందంటే, గీతలు లోతుగా ఉంటే ఆ దెబ్బతిన్న భాగాన్ని కోసి తీసేయాలి, లేదా పైన వేసే అతుకు ముక్క దెబ్బ అంచుల్ని దాటి ఇంకా బాగా బయటిదాకా రావాలి. ఇక్కడ గీతల్ని పూర్తిగా తీయకుండానే పైన ముక్క వేసేశారు. ఆ ముక్క చాలినంత పెద్దది కూడా కాదు. లాగ్‌బుక్‌లో మాత్రం మాన్యువల్ ప్రకారమే చేశామని రాసుంది.

ముక్క కింద దాగిన గీతల్లోంచి పగుళ్ళు మొదలయ్యాయి. ముక్క వాటిని కప్పేసింది కాబట్టి బయటికి కనపడలేదు. అట్ట 22 ఏళ్ళు తిరిగింది. 2002 మే 25న తైపే నుంచి హాంగ్‌కాంగ్ పోతూ, లేచిన ఇరవై నిమిషాల్లో, తైవాన్ జలసంధి మీద గాల్లోనే ముక్కలైపోయింది. 225 మందీ చనిపోయారు.

సముద్రంలోంచి తీసిన ఆ శకలాన్ని దర్యాప్తు చేసినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. అంతకుముందు తీసిన ఫోటోల్లో ఆ అతుకు ముక్క అంచుల దగ్గర గోధుమరంగు మరకలున్నాయి. ఒకప్పుడు విమానాల్లో సిగరెట్లు కాల్చనిచ్చేవాళ్ళు కదా. ఆ పొగ పగుళ్ళలోంచి బయటికి కారి అట్ట మరక కట్టిందని అనుకున్నారు. అంటే విమానం తన జబ్బుని తానే బయటికి చెప్తూ వచ్చింది. చూసినవాళ్ళకి అది మురికిలాగా కనపడింది, అంతే.

మనసుకి కష్టంగా అనిపించేది ఇంకొకటుంది. పాత విమానాల మీద వేసిన అతుకులన్నీ వెతికి, ఒక్కొక్కటీ మళ్ళీ పరీక్షించాలన్న రూల్ అప్పటికే వచ్చేసింది. దానికి నాంది 1988లో పడింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో అమెరికాలోని హవాయి దీవుల్లో అలోహా ఎయిర్‌లైన్స్ వాళ్ళ పాత బోయింగ్ 737 పైకప్పు గాల్లో ఉండగానే ఊడిపోయింది. ఎయిర్‌హోస్టెస్ ఒకామె చనిపోయింది, విమానం మాత్రం ఎట్టనో దిగింది. పాతబడే విమానాల్లో లోహం ఎట్ట అలసిపోతుందో ప్రపంచం అప్పుడు కళ్ళారా చూసింది. ఆ తర్వాత చాలా చర్చ జరిగి, 2000లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ, ప్రయాణికుల భాగం మీద పడిన పాత రిపేర్లన్నిటినీ తిరిగి అంచనా వెయ్యాలని రూల్ పెట్టింది. చైనా ఎయిర్‌లైన్స్ కూడా ఆ పని మొదలుపెట్టింది. ఈ విమానం వంతు 2002 నవంబరులో రావాలి. అది మే నెలలోనే పోయింది.

చట్టం వచ్చింది, పరీక్ష తేదీ కూడా పడింది. ఆరు నెలల తేడాలో 225 ప్రాణాలు.

ఇన్ని భయపెట్టే సంగతులు చెప్పాక, సరిగ్గా చేసిన రిపేరు ఎట్టుంటుందో కూడా చూపించాలి కదా. 2010 నవంబరు 4. ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రయాణికుల విమానం, ఎయిర్‌బస్ ఎ380. ఆస్ట్రేలియాకి చెందిన కాంటాస్ ఫ్లైట్ 32. సింగపూర్ నుంచి సిడ్నీకి లేచిన కాసేపటికే ఎడమవైపు ఇంజను ఒకటి పేలిపోయింది. ముక్కలు తూటాల్లాగా రెక్కలోంచి దూసుకుపోయాయి. కారణం ఏందంటే, ఇంజన్లో నూనె పోయే ఒక చిన్న గొట్టం గోడ తయారీలోనే ఒక పక్క పలచగా అయింది. అక్కడ పగులొచ్చి, నూనె కారి, మంటలొచ్చాయి. కెప్టెన్ రిచర్డ్ డి క్రెస్పిన్యీ బృందం లోపల 469 మందితో ఆ విమానాన్ని సింగపూర్‌లోనే మళ్ళీ దించింది. ఎవరికీ ఏమీ కాలేదు.

తర్వాత ఆ విమానం సింగపూర్‌లోనే దాదాపు ఏడాదిన్నర ఉండిపోయింది. నాలుగు ఇంజన్లూ మార్చారు. ఎడమ రెక్క బాగుచేశారు, అందులో 6 కిలోమీటర్ల వైరు కొత్తది వేశారు. నేల మీద చాలా పరీక్షలు, రెండుసార్లు గాల్లో పరీక్షలు. ఖర్చు సుమారు 13 కోట్ల 90 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు. రిపేరు వల్ల విమానం బరువు 94 కిలోలు పెరిగింది. ఆ లెక్క చూడండి, ఎంత పెరిగిందో కూడా తూచి రాసుకున్నారు. 2012 ఏప్రిల్లో అది మళ్ళీ సర్వీసులోకి వచ్చింది.

ఇప్పుడు నాలుగు విమానాల్నీ పక్కపక్కన పెట్టండి. గిమ్లీ, ఒసాకా, హాంగ్‌కాంగ్, సింగపూర్. నాలుగూ దెబ్బతిన్నాయి, నాలుగూ తిరిగొచ్చాయి. దెబ్బ పెద్దదా చిన్నదా అన్నది చూస్తే, అన్నిటికంటే ఘోరంగా దెబ్బతిన్నది సింగపూర్‌ది. అది క్షేమంగా తిరిగింది. హాంగ్‌కాంగ్‌లో పడ్డవి ఉత్త గీతలు. 225 మందిని తీసుకుపోయింది అదే. కాబట్టి భయపడాల్సింది దెబ్బని చూసి కాదు. అతుకు ఎట్ట వేశారు, ఏం చేశారో ఉన్నదున్నట్టు రాశారా, తర్వాత ఇంకొకరు వచ్చి దాన్ని మళ్ళీ తెరిచి చూశారా, ప్రాణాలు ఆధారపడేది ఈ మూడిటి మీద.

మన దగ్గర సంగతేంటి? 2021 ఫిబ్రవరి 20న గన్నవరంలో, అదే విజయవాడ విమానాశ్రయంలో, దోహా నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం దిగాక, పార్కింగు వైపు పోతూ రెక్కతో లైటు స్తంభాన్ని కొట్టింది. 64 మంది ప్రయాణికులూ క్షేమం. అందులో ఉన్నది ఎవరు? మనలాగా గల్ఫ్ నుంచి ఇంటికి వచ్చేవాళ్ళే.

ఇట్టాంటిది జరిగితే మామూలుగా ఏం చేస్తారో చెప్తా. విమానాన్ని వెంటనే ఆపేస్తారు. సంగతి డీజీసీఏకి పోతుంది, అంటే మన దేశంలో పౌర విమానాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థకి. తీవ్రమైనదైతే ప్రమాదాల దర్యాప్తు విభాగం కూడా వస్తుంది. తర్వాత దెబ్బ ఎక్కడిదాకా పోయిందో కొలుస్తారు. కంటితో చూసి వదిలెయ్యరు. ఆసుపత్రిలో స్కానింగ్ తీసినట్టు అల్ట్రాసౌండ్, ఎక్స్‌రే, ఎడ్డీ కరెంట్ అనే పరీక్షలతో రేకు లోపలి పగుళ్ళు కూడా వెతుకుతారు. తయారీ కంపెనీ ఇచ్చిన రిపేరు మాన్యువల్లో ఆ దెబ్బకి పద్ధతి ఉంటే దాని ప్రకారం చేస్తారు. లేకపోతే కంపెనీకి రాసి ప్రత్యేకంగా డ్రాయింగులు తెప్పిస్తారు. ముఖ్యమైన పనుల్ని చేసినవాళ్ళు కాకుండా ఇంకొకరు చెక్ చేస్తారు. చివరికి లైసెన్సున్న ఇంజనీరు ‘ఈ విమానం ఎగరడానికి తగినది’ అని సంతకం పెడితేనే అది హ్యాంగర్ దాటుతుంది.

ఈ సంతకం పెట్టేవాళ్ళు ఎక్కడో అమెరికాలోనే ఉండరు. శంషాబాదులో జీఎంఆర్ ఏరో టెక్నిక్ హ్యాంగర్లున్నాయి. అక్కడ పెద్దపెద్ద విమానాల్ని విప్పి, చూసి, మళ్ళీ బిగిస్తారు. ఇంటర్‌లో ఎంపీసీ చదివి, ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ కోర్సు చేసి, డీజీసీఏ పరీక్షలు పాసై, అనుభవం సంపాదించుకుంటే ఆ లైసెన్సు వస్తుంది. ఆత్మకూరు పిల్లలకైనా, ఉదయగిరి పిల్లలకైనా ఇది అందని చదువేమీ కాదు. పైలట్ అవుదామని అందరూ అనుకుంటారు. పైలట్ ఎవర్ని నమ్మి విమానం ఎక్కుతాడు? ఆ సంతకాన్ని నమ్మి.

జపాన్ ఎయిర్‌లైన్స్ వాళ్ళు 2006లో టోక్యో హానెడా విమానాశ్రయం దగ్గర ఒక కేంద్రం పెట్టారు. కొండల్లోంచి ఏరుకొచ్చిన ఆ 747 ముక్కల్ని, తెగిపోయిన ఆ బల్క్‌హెడ్‌తో సహా అక్కడ పెట్టారు. వాళ్ళ ఉద్యోగులు వచ్చి వాటి ముందు నిలబడి చూస్తారు. తప్పు జరిగిన వస్తువుని పారెయ్యకుండా, కప్పెయ్యకుండా, అందరికీ కనపడేచోట పెట్టారు. అతుకు కింద దాచడం వల్ల 520 మంది పోయారు కాబట్టి, ఇక దాచకూడదని.

సరే, రేపు మీరో, మీ అన్నయ్యో చెన్నైలో విమానం ఎక్కే ముందు యాప్‌లో ‘గతంలో దెబ్బతింది, రిపేరు చేశారు’ అని చూస్తే ఏం చెయ్యాలి? ఏమీ చెయ్యక్కర్లేదు, ఎక్కండి. రికార్డులో కనపడుతోందంటేనే దాన్ని ఎవరో రాశారు, ఎవరో చూస్తున్నారు అని అర్థం. లోపలికి పోయాక ఫోన్ పక్కన పెట్టి, ఎమర్జెన్సీ తలుపు మీ సీటుకి ఎన్ని వరసల దూరంలో ఉందో లెక్కపెట్టుకోండి. బెల్టు పెట్టుకోండి. మీ చేతుల్లో ఉన్నది అదే.

మీ చేతుల్లో ఉన్నది ఇంకోటి కూడా ఉంది. మీలో మెకానిక్కులున్నారు, వెల్డర్లున్నారు, కరెంటు పనివాళ్ళున్నారు, గల్ఫ్‌లో పెద్దపెద్ద సైట్లలో పనిచేసేవాళ్ళున్నారు. పైన రంగేసి చదును చేస్తే ఎవరికీ తెలియని అతుకు మీ చేతికి కూడా ఏదో ఒకరోజు వస్తుంది. ఆరోజు ఈ 12,318 అనే అంకె ఒక్కసారి గుర్తుచేసుకోండి.

ఈ ఎపిసోడ్ నచ్చితే గల్ఫ్‌లో ఉన్న మీవాళ్ళకి పంపండి. మీ ఊరి చెరువు గండి కథ ఏదన్నా ఉంటే నాకు చెప్పండి, వినాలనుంది. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.